మూసీ పుట్టే గుట్టల మీద ఉమ్మడి స్టూడియో: నెమ్ము, యాసిడ్, భట్టీ, లెక్కలు

చేవెళ్ల మర్రిచెట్లు దాటి మన్నెగూడ మీదుగా వికారాబాద్ వైపు పోతుంటే ఎర్రమట్టి మొదలవుతుంది. ఆ పైన అనంతగిరి గుట్టలు. మూసీ పుట్టేది అక్కడే. అక్కడ కురిసిన వాన తూర్పు వాలు పట్టుకుని గండిపేటకు చేరుతుంది. హైదరాబాద్‌లో గదుల అద్దెలు భరించలేక, అపార్ట్‌మెంట్లలో భట్టీ పెట్టనివ్వక, ప్రెస్సు దింపే చోటు దొరక్క, నలుగురం కలిసి గుట్టల్లో ఒక స్టూడియో పెట్టుకుందామన్న మాట మన చిత్రకారుల్లో, శిల్పుల్లో తరచూ వస్తూనే ఉంటుంది. మంచి ఆలోచనే. అయితే అలాంటి చోటు కొన్నేళ్లపాటు నడవాలంటే మూడు సంగతులు ముందే తేల్చుకోవాలి: వానాకాలపు నెమ్మును ఎలా ఆపుతారు, వాడిన యాసిడ్ నీళ్లు ఎక్కడికి పోతాయి, ఎవరు ఎంత కడతారు. మిగతావన్నీ దారిలో సర్దుకోవచ్చు.

పది మంది వృత్తి కళాకారులు, ఒక ఎచింగ్ ప్రెస్సు (యాసిడ్‌తో గీతలు తొలిచిన లోహపు పలక నుంచి కాగితం మీద ముద్ర తీసేది), మట్టిపనిని కాల్చే ఒక గ్యాస్ భట్టీ, పెయింటింగ్‌కి ఒక హాలు, రాతిపనికి బయట ఒక షెడ్డు. ఈ కొలతను మనసులో పెట్టుకుని రాస్తున్నాం.

నేల

కొండ అనగానే చాలామందికి అరకు, మారేడుమిల్లి గుర్తొస్తాయి. అవి ఏజెన్సీ ప్రాంతాలు. అక్కడ గిరిజనేతరులు భూమి కొనకూడదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో చేసిన సవరణను జనం ‘1/70’ అంటారు. ఆ నిబంధనలో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే అనుకోవద్దు, లీజు కూడా అందులోకే వస్తుంది. గిరిజన రైతు పేరు మీద ఉంచి మనం వాడుకుందాం అనే బేరం చట్టం ముందు నిలవదు. నిలవకపోవడం న్యాయం కూడా, ఆ నేల వాళ్లకు మిగలాలనే ఆ నిబంధన పుట్టింది. ఏజెన్సీలో పని చేయాలనుంటే అక్కడి కళాకారుల దగ్గరికి అతిథులుగా వెళ్లి, కొన్నాళ్లు పని చేసుకుని, రోజువారీ ఖర్చు కట్టి రావడమే సరైన దారి.

అనంతగిరి అలాంటి షెడ్యూల్డ్ (ఏజెన్సీ) ప్రాంతం కాదు. అక్కడ వేరే జాగ్రత్తలున్నాయి. గుట్టల మీద చాలా భాగం రిజర్వు అడవి కాబట్టి సర్వే నంబరు అడవి హద్దును తాకుతోందేమో చూడాలి. ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ భూభారతిలో పట్టా వివరాలు, రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22-ఏ నిషేధిత జాబితా చూడాలి. అసైన్డ్ భూమైతే 1977 చట్టం ప్రకారం లీజుకు తీసుకున్నా చెల్లదు. వ్యవసాయ భూమిలో షెడ్డు వేసేముందు నాలా మార్పిడి, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పు, చేయించుకోవాలి.

కొనడం కన్నా లీజే నయమని మా అభిప్రాయం. కానీ 11 నెలల అగ్రిమెంటు మీద భట్టీ కట్టొద్దు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి. స్టాంపు ఖర్చు దండగనుకుని చాలామంది 11 నెలల కాగితాన్నే తిరగరాస్తూ పోతారు. ప్రెస్సు కింద కాంక్రీటు పోసి, భట్టీకి పునాది కట్టి, త్రీఫేజ్ కరెంటు తెచ్చుకున్నాక యజమాని ఖాళీ చేయమంటే వెంట తీసుకెళ్లగలిగేది ప్రెస్సు ఒక్కటే. కనీసం అయిదేళ్ల లీజు, వెళ్లేటప్పుడు విప్పి తీసుకెళ్లే సామాను జాబితా, రెండూ ఆ కాగితంలోనే ఉండాలి.

సంఘం, డబ్బు

ఏడుగురు ఉంటే సొసైటీగా రిజిస్టరు చేసుకోవచ్చు. తెలంగాణలో 2001 నాటి సొసైటీల చట్టం కింద అది తేలిక. కానీ సొసైటీ మిగులును సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు. స్టూడియో నడపడం వరకే సొసైటీ పని, ఎవరి బొమ్మ వాళ్లే అమ్ముకుంటారు అనుకుంటే అది చాలు. కలిసి ఆర్డర్లు తీసుకుని, కలిసి అమ్మి, పని చేసిన లెక్కన పంచుకోవాలనుకుంటే 1995 చట్టం కింద పరస్పర సహాయ సహకార సంఘం, అంటే మ్యాక్స్, సరిపోతుంది. దానికి పది మంది కావాలి, ఆ పది మందీ వేర్వేరు కుటుంబాల వాళ్లై ఉండాలి. భార్యాభర్తలిద్దరూ కళాకారులైతే ఆ పదిలో ఒక్కరే లెక్కలోకి వస్తారు. దరఖాస్తు రాసేముందే ఇది గుర్తుంచుకోవాలి.

మన దేశంలో వృత్తి కళాకారులు కలిసి కట్టుకున్న ఊళ్లలో ముందుగా చెప్పుకోవాల్సింది చెన్నై దగ్గరి చోళమండలం. కె.సి.ఎస్. పణిక్కర్ చొరవతో 1966లో మొదలైంది. బాటిక్ లాంటి చేతిపనులు కలిసి చేసి అమ్మి, ఆ డబ్బుతో సముద్రం ఒడ్డున స్థలం కొన్నారు. అంటే ముందు ఆదాయం, తర్వాత నేల. కాంగ్రా లోయలోని అంద్రెట్టా కథ వేరు. ఐర్లండ్ నుంచి వచ్చిన నోరా రిచర్డ్స్ అక్కడ స్థిరపడటంతో ఆమె చుట్టూ కళాకారులు చేరారు, చిత్రకారుడు శోభా సింగ్ 1947లో అక్కడికి వచ్చారు. ఒక మనిషి ఆదరణ మీద నిలిచిన చోటు అది. అలాంటి మనిషి లేనివాళ్లకు చోళమండలం పద్ధతే దిక్కు. పది మందికీ అమ్ముడయ్యే చిన్న పనులు, అంటే చిన్న ప్రింట్లు, కప్పులు, గిన్నెలు, పలకలు, ఏడాదికి రెండు విడతలు కలిసి చేసి స్టూడియో పేరు మీద అమ్మాలి. ఆ డబ్బు అద్దెకు పోవాలి. సొంత పని మీద వచ్చే ఆదాయాన్ని నమ్ముకుని నెలనెలా అద్దె కట్టే స్టూడియో, అమ్మకాలు లేని ఏడాది వచ్చిందంటే ఖాళీ అవుతుంది.

నెల ఖర్చు పంచుకోవడంలో సమాన వాటా చూడ్డానికి న్యాయంగా ఉంటుంది, గొడవలు మాత్రం అక్కడి నుంచే మొదలవుతాయి. రోజూ ప్రెస్సు తిప్పేవాళ్లూ నెలకోసారి వచ్చి కాన్వాసు వేసుకునేవాళ్లూ ఒకే మొత్తం కడితే ఆరు నెలల్లో ఎవరో ఒకరు మానేస్తారు. మూడు ముక్కలు చేయండి. అద్దె, కాపలా, నీళ్లు, ఇంటర్నెట్ లాంటి స్థిరఖర్చులో సగం తలా సమానంగా, మిగతా సగం ఎవరు ఎన్ని అడుగుల జాగా ఆక్రమించారో ఆ లెక్కన. యంత్రాలకు గంటల లెక్క. గ్యాస్, యాసిడ్, మైనం, సిరా లాంటివి తూకం లెక్క. ఉదాహరణకు స్థిరఖర్చు నెలకు 36 వేలు అనుకుందాం. 18 వేలు పది మందికి తలా 1,800. మిగిలిన 18 వేలు 1,500 చదరపు అడుగుల మీద పంచితే అడుగుకు 12 రూపాయలు. 200 అడుగులు వాడే శిల్పి 2,400 కడతారు, 60 అడుగుల మూల తీసుకున్న వాళ్లు 720 కడతారు. రాని నెలలో కూడా 1,800 కట్టాల్సిందే. ఈ ఒక్క మాట మొదటి రోజే రాసి అందరితో సంతకం పెట్టించండి.

భట్టీ గంటల లెక్క మీద ఇంకో రూపాయి ఎక్కువే పడాలి. భట్టీ లోపల పని పేర్చే అల్మారు పలకలు అరిగినా, వేడి కొలిచే థర్మోకపుల్ చెడినా మార్చడానికి ఆ మరమ్మతు నిధి లేకపోతే, చివరిగా కాల్చినవాళ్ల మీదే ఖర్చు పడుతుంది, నింద కూడా వాళ్ల మీదే పడుతుంది.

జీఎస్టీ గురించి రెండు మాటలు. చాలా రాష్ట్రాల్లో వస్తువుల అమ్మకానికి రిజిస్ట్రేషన్ హద్దు 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలే. పైగా తీసుకునేవాళ్లు వేరే రాష్ట్రంలో ఉంటే ఆ హద్దు కూడా మామూలుగా వర్తించదు, ముంబైకి ఒక్క కాన్వాసు పంపాలన్నా రిజిస్ట్రేషన్ సంగతి అకౌంటెంటును ముందే అడగాలి. పెయింటింగులు, అసలు ప్రింట్లు, శిల్పాల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గింది. గ్యాలరీలు ధరలో మూడో వంతు నుంచి సగం దాకా తీసుకుంటాయి కాబట్టి స్టూడియో దగ్గర అమ్మినా, మాదాపూర్‌లో ప్రదర్శనలో అమ్మినా ఒకే ధర ఉండాలి. గుట్ట మీద సగానికి ఇస్తున్నారని తెలిస్తే ఏ గ్యాలరీ మళ్లీ పిలవదు.

కరెంటు, నీళ్లు

వ్యవసాయ మోటారు కనెక్షన్ నుంచి స్టూడియోకి తీగ లాగొద్దు. అది ఉచిత కరెంటు, పంపుకే. వేరే పనికి వాడితే కేసు. రాతి గ్రైండర్లు, కంప్రెసరు, గాలిలోని తేమ లాగే డీహ్యూమిడిఫయర్లు రెండు, భట్టీ బ్లోయరు, మోటారు కలిపితే ఆరేడు కిలోవాట్లవుతుంది, కాబట్టి మొదటే త్రీఫేజ్ అడగండి. లైను చివర ఉన్న ఊళ్లలో సాయంత్రం వోల్టేజీ పడిపోతుంది, కంప్రెసరు ఉన్న ఏ యంత్రమైనా అప్పుడే కాలిపోతుంది. స్టెబిలైజరు తప్పనిసరి.

ఎర్రరాతి నేలలో ఎర్తింగ్ సరిగా అందదు. ఎండాకాలంలో మట్టి పూర్తిగా ఎండి కరెంటును లోపలికి తీసుకోదు. రెండున్నర మీటర్ల జీఐ పైపును బొగ్గు, ఉప్పు పొరల మధ్య పాతి, మార్చి నుంచి జూన్ దాకా రెండు రోజులకోసారి ఆ గుంటలో బకెట్ నీళ్లు పోయాలి. నిరోధం 5 ఓముల లోపు ఉందో లేదో ఏడాదికోసారి, ఎండాకాలంలోనే కొలిపించండి. వానాకాలంలో కొలిస్తే ఎక్కడైనా బాగానే వస్తుంది.

నీళ్లకు కప్పే ఆధారం. 100 చదరపు మీటర్ల రేకుల కప్పు, ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన, అందులో అయిదో వంతు వృథా అనుకుంటే 64 వేల లీటర్లు పట్టొచ్చు. మట్టిపనికీ కడుగుడికీ అది చాలావరకు సరిపోతుంది. మొదటి రెండు వానలు వదిలేయాలి, రేకుల మీది దుమ్మూ కోతుల మలినాలూ పోవాలి.

నెమ్ము

గుట్టల మీద పని లెక్క కార్తెలతో నడుస్తుంది. రోహిణిలో రోళ్లు పగిలే ఎండ, మృగశిరతో మొదటి జల్లు, ఆ తర్వాత ముసురు పట్టిందంటే ఒక్కోసారి వారం దాకా గోడలు ఆరవు. ఎండాకాలంలో బిగుతుగా ఉన్న కాన్వాసు జులైకి వదులై అలలు పోతుంది. ఆ వదులును చూసి మూలల చీలలు కొట్టి బిగిస్తే నవంబరు పొడిగాలికి గుడ్డ లాగేసి మూలల్లో రంగు పగుళ్లిస్తుంది. వానాకాలంలో చీలలు ముట్టుకోవద్దు. గది నెమ్మును సరిచేస్తే గుడ్డ తనంతట తానే సర్దుకుంటుంది.

గాలిలో తేమ 65–70 శాతం దాటి కొన్నాళ్లుంటే కాగితం మీద, కాన్వాసు వెనక, తోలు మీద బూజు పడుతుంది. లక్ష్యం 50 దగ్గర, గుట్ట మీద వానాకాలంలో 60 లోపు ఉంచగలిగితే గొప్ప. అంకె ఎంతన్నదానికన్నా రోజులో ఎంత ఊగుతోందన్నది ముఖ్యం. పొద్దున 80, మధ్యాహ్నం 50, రాత్రి మళ్లీ 80 అయ్యే గదిలో కాగితం రోజూ సాగి ముడుచుకుంటుంది.

తేమ కొలిచే మీటర్లు రెండు కొనండి, రెండింటినీ నమ్మకండి. వాటిని వంటింటి ఉప్పుతో పరీక్షించవచ్చు: చిన్న మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా కొద్ది చుక్కల నీళ్లు కలిపి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో ఎనిమిది గంటలు ఉంచాలి. లోపలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీటరు 70 చూపిస్తే అది అయిదు తక్కువ చూపిస్తోందని దాని మీదే రాసి అంటించండి.

స్టూడియో మొత్తాన్ని పొడిగా ఉంచలేరు, ప్రయత్నించొద్దు. ఒక్క గదిని ఎంచుకోండి: బయటి గోడలు తక్కువ, కిటికీ ఒకటి, తలుపు చుట్టూ రబ్బరు పట్టీ. కాగితం, పూర్తయిన పని, ప్రెస్సు ఫెల్టు దుప్పట్లు, కెమెరాలు అందులో ఉండాలి. డీహ్యూమిడిఫయరు నీళ్లు బకెట్‌లోకి కాకుండా పైపుతో బయటికి పోవాలి, లేకపోతే బకెట్ నిండగానే అది ఆగిపోయి, మనం లేని శని, ఆదివారాల్లో గది తడిసిపోతుంది. బొమ్మల్ని బయటి గోడకు ఆనించొద్దు. ఫ్రేము వెనక కార్కు బిళ్లలు పెట్టి గాలి ఆడేంత సందు వదలాలి. పెట్టెలన్నీ నేల నుంచి అరడుగు ఎత్తున ఇనుప స్టాండు మీద ఉండాలి. ఎర్రమట్టిలో చెదలు రాత్రికి రాత్రే మట్టిగూడు కట్టి పైకెక్కుతుంది కాబట్టి స్టాండు కాళ్లను వారానికోసారి టార్చి వేసి చూడాలి.

బూజు కనపడితే తడిగుడ్డతో తుడవొద్దు, మరకై లోపలికి దిగుతుంది. ఆ పనిని వేరే గదికి తీసుకెళ్లి, గాలి తగిలేలా ఆరబెట్టి, బూజు పొడిగా మారాక మాస్కు వేసుకుని మెత్తటి కుంచెతో బయటి వైపు దులపాలి. నాఫ్తలీన్ ఉండలు బూజును ఆపవు.

తైలవర్ణం వాడేవాళ్లకు ఇంకొక మాట. అవిసె నూనె ఆరేది నీరు పోయి కాదు, గాలిలోని ఆక్సిజన్ పట్టి. ముసురులో, వెలుతురు తక్కువ గదిలో అది నెమ్మదిస్తుంది. అంబర్ అనే గోధుమ మట్టి రంగులు త్వరగా, నలుపులు ఆలస్యంగా ఆరతాయి. నలుపు మీద తొందరపడి పలచటి రంగు వేస్తే పైపొర పగుళ్లిస్తుంది. పల్చటి పొరలకైనా వార్నీషు ముందు ఆరు నెలలు ఆగండి. ఆ నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా వేస్తే తమకు తామే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లున్న మూత ఇనుప డబ్బాలో వేయడం అలవాటు చేసుకోవాలి. అడవి అంచున ఉన్న చోట ఇది మరీ ముఖ్యం.

ప్రెస్సు, యాసిడ్

ప్రెస్సును కొనే బదులు బాలానగర్ లేత్ షాపుల్లో చేయించుకోవచ్చు, బేరింగులూ గేర్లూ రాణిగంజ్‌లో దొరుకుతాయి. 24 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు బెడ్డు పది మందికి చాలు. పై రోలరును చేయించేటప్పుడు దాని గుండ్రదనం డయల్ గేజితో మీ ముందే చూపించమనండి. వెంట్రుకవాసి తేడా ఉన్నా ప్రింటులో ఒక పక్క నల్లగా, ఒక పక్క వెలిసినట్టుగా వస్తుంది, దాన్ని ఏ ఫెల్టూ సర్దలేదు. అరటన్ను దాకా బరువుంటుంది. తాండూరు బండల నేల మీద నేరుగా దింపితే కాళ్ల కింద బండ పగులుతుంది. కింద ఆరంగుళాల కాంక్రీటు, ప్రతి కాలు కింద ఒక ఇనుప పలక పెట్టాలి. పని అయ్యాక ఒత్తిడి వదిలేసి, దుప్పట్లు తీసి పొడిగదికి చేర్చి, బెడ్డును మెషిన్ ఆయిలుతో తుడవాలి. వానాకాలంలో ఈ ఒక్కటి మరిస్తే వారంలో తుప్పు.

తడిపిన కాగితాన్ని ప్లాస్టిక్‌లో చుట్టి దాచడం పొడి ఊళ్లలో సరే. ఇక్కడ రెండో మూడో రోజుకే చుక్కలు చుక్కలుగా బూజు. ఆ రోజుకు కావల్సినన్నే తడపండి. ఆరబెట్టే అట్టల మధ్య బ్లాటింగ్ కాగితాన్ని ముసురు రోజుల్లో రెండు పూటలా మార్చాలి.

యాసిడ్ గది ప్రెస్సుకు ఎంత దూరముంటే అంత మంచిది. నైట్రిక్ ఆవిరి ఎక్కడ ఇనుము కనిపిస్తే అక్కడ తుప్పు పట్టిస్తుంది. జింకు పలకకు ఒక వంతు నైట్రిక్, ఎనిమిది నుంచి పది వంతుల నీళ్లు. ఎప్పుడూ నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. ఎర్రటి పొగ లేచిందంటే ద్రావణం వేడెక్కింది, పలకను తీసి బయటికి నడవండి. రాగి పలకకు ఫెర్రిక్ క్లోరైడు మేలు, ఆవిరి తక్కువ, గీత శుభ్రం. కానీ రాగి పలకల కోసం పెట్టిన ఆ ఫెర్రిక్ తొట్టిలో జింకు పలక పొరపాటున కూడా ముంచొద్దు, విపరీతంగా వేడెక్కి హైడ్రోజన్ వదులుతుంది. రెండు తొట్లకూ రెండు రంగుల మూతలు పెట్టండి.

ఉమ్మడి చోట జింకుకు మేం సిఫారసు చేసేది మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్. ద్రాక్షతోటల రైతులకు తెలిసిన ఆ నీలి పలుకులే. లీటరు నీటికి 75 గ్రాముల మైలుతుత్తం, 75 గ్రాముల ఉప్పు. విషపు పొగ ఉండదు, కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతికి భయం లేకుండా ఇవ్వచ్చు. గోధుమరంగు రాగి మడ్డి పలక మీద పేరుకుంటుంది, దాన్ని మెత్తటి కుంచెతో తరచూ తోస్తుండాలి. లేకపోతే గీత లోతు ఒక్కోచోట ఒక్కోలా దిగుతుంది. నీలం రంగు వెలిసిపోయిందంటే ద్రావణం అయిపోయినట్టు.

అయిపోయిన ఆ నీళ్లు ఎక్కడ పోస్తారు? మన ఊరి నీటికి గుట్టే తల. రాగి చాలా కొద్దిగా ఉన్నా చేపలకు విషం. అందుకని వాడిన ద్రావణాన్నంతా ఒక నీలి డ్రమ్ములో పోసి, చాకలి సోడా కొద్దికొద్దిగా కలపాలి. ఒక్కసారే పోస్తే పొంగి బయట పడుతుంది. పీహెచ్ కాగితం 8 చూపించాక ఆపి, రెండు రోజులు కదల్చకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీటిని కూడా వాగులోకి వదలొద్దు, కొత్త ద్రావణం కలపడానికి వాడుకోవచ్చు లేదా సిమెంటు తొట్టిలో ఎండకు ఇగరబెట్టవచ్చు. మడ్డిని మూత డబ్బాలో పోసి తేదీ రాసి దాచాలి. అది మునిసిపాలిటీ చెత్తలో వేసేది కాదు, దుండిగల్‌లో ఉన్నట్టి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి చేరాలి. ఏడాదికి ఒకటి రెండు డబ్బాలే అవుతాయి కాబట్టి నగరంలోని ఇతర ప్రింట్ స్టూడియోలతో కలిసి ఒకేసారి పంపితే ఖర్చు తగ్గుతుంది. యాసిడ్ గది తూముకు బయటి కాలువతో అసలు సంబంధమే ఉండకూడదు. ఇది కట్టేటప్పుడే చేయాల్సిన పని.

భట్టీ

ఎత్తు వల్ల మంట సరిగా రాదేమోనని కొందరు అడుగుతారు. హైదరాబాదే సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, గుట్టల మీద తేడా పెద్దగా తెలియదు. తెలిసేది చలి. పొద్దుటిపూట సిలిండర్ నుంచి గ్యాస్ వేగంగా లాగితే అది చల్లబడి, ఒంటి మీద మంచు పట్టి, ఒత్తిడి పడిపోతుంది. సగం కాలుపులో మంట తగ్గిందంటే ముందు చూడాల్సింది అదే. 19 కిలోల సిలిండర్లు మూడు నాలుగు ఒకే గొట్టానికి కలిపి, అన్నింటి నుంచీ కొద్దికొద్దిగా లాగాలి. మామూలు నీళ్ల తొట్టిలో నిలబెడితే ఇంకా మంచిది. వేడినీళ్లు, మంట దగ్గరికి రానివ్వొద్దు.

ఎల్పీజీ గాలికన్నా బరువు. కారితే నేల మీద పాకి పల్లంలోకి దిగుతుంది. వాలు మీద కట్టే షెడ్డులో భట్టీ ఎగువన, మనుషులు కూర్చునే చోటు దాని దిగువన ఉండకూడదు. గోడల అడుగున గాలి పోయే కంతలు తప్పనిసరి.

కట్టెలతో కాల్చాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. అడవి నుంచి పుల్ల కూడా తేవద్దు. పొలాల గట్ల మీద పెరిగే సర్కారు తుమ్మ మంచి వేడినిస్తుంది, రైతుకు డబ్బు కట్టి, రసీదు రాయించుకుని తెచ్చుకోవచ్చు.

మట్టి విషయంలో: చెరువుమట్టి 900–1000 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. స్టోన్‌వేర్ మట్టి 1220 పైన కాలుతుంది. రెండూ ఒకే బల్ల మీద పిసికితే ఏదో ఒక రోజు చెరువుమట్టి ముక్క పెద్ద కాలుపులోకి వెళ్లి, కరిగి, అల్మారు పలకను తినేస్తుంది. బల్లలు వేరు, బకెట్లు వేరు, తువ్వాళ్లు కూడా వేరుగా ఉంచండి.

వానాకాలంలో భట్టీలో కుండలు పేలడానికి చాలాసార్లు కారణం ఒక్కటే, లోపలి తడి. పైకి తెల్లగా ఆరినట్టుంటుంది. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదు. వేలెడు మందం ముక్కకు ఎండాకాలంలో వారం చాలు, శ్రావణంలో మూడు వారాలైనా ఇవ్వండి. ఆరుబయట పెడితే కోతులు మిగల్చవు, ఇనుప జాలీ బోను కట్టించాలి.

మొదటి కాలుపుకు రాత్రంతా చిన్న మంట మీద 90 డిగ్రీల దగ్గర ఆపండి, పై కంత తెరిచి. కంత ముందు అద్దం ముక్క పట్టుకుంటే ఆవిరి పట్టడం ఆగేదాకా వేడి పెంచొద్దు. తర్వాత గంటకు 80 నుంచి 100 డిగ్రీల చొప్పున 600 దాకా. మట్టిలో రసాయనికంగా కలిసి ఉన్న నీరు పోయేది ఈ మధ్యలోనే. 573 దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం రూపం మారి ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అక్కడ నెమ్మది. 600 దాటాక గంటకు 150 చొప్పున పోవచ్చు. 950–1000 దగ్గర ఇరవై నిమిషాలు ఆపితే లోపలి నలుపు కాలిపోతుంది. లేకపోతే గ్లేజు, అంటే గాజులాంటి పైపూత, వేశాక బుడగలై కనిపిస్తుంది. 120కి దిగేదాకా తలుపు తీయొద్దు. 200 దగ్గర చల్లగాలి తగిలి పింగాణీ ‘టింగ్’మని చీలడం పూర్తిగా తొందరపాటు వల్లే.

థర్మోకపుల్ చెప్పేది ఆ క్షణపు గాలి వేడి. కోను, అంటే పనితో పాటు భట్టీలో పెట్టే, వేడికి వంగే చిన్న శంకువు, చెప్పేది మట్టి ఎంత వేడి తిన్నదో. 6వ నంబరు కోను సుమారు 1220 డిగ్రీల దగ్గర వంగుతుంది. మీటరు ఏం చూపించినా కోను మాటే వినాలి. ప్రతి కాలుపుకూ రిజిస్టరులో గంటగంటకు వేడి, గ్యాస్ ఒత్తిడి, కోను పడిన సమయం, ఏ అరలో ఎవరి పని ఉందో రాయాలి. ఒకరి గ్లేజు కారి ఇంకొకరి గిన్నెకు అంటుకున్నప్పుడు వాదన తేల్చేది ఆ పేజీయే. పరీక్షించని గ్లేజు ఏదైనా విడి పలక మీద, అన్నిటికన్నా కింది అరలోనే పెట్టాలని నియమం రాసుకోండి.

రాయి

అనంతగిరిలో ఊపిరితిత్తుల రోగులకు టీబీ ఆసుపత్రి కట్టింది అక్కడి గాలి కోసం. అదే గాలిలో గ్రానైటు పొడి లేపడం తగని పని. గ్రానైటులో దాదాపు నాలుగో వంతు క్వార్ట్జ్, ఆ సన్నటి పొడి ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. నీళ్లు పోస్తూ కోయండి, చేతిరుమాలు కట్టుకుని సరిపెట్టొద్దు, ముఖానికి అతుక్కునే రెస్పిరేటరు వాడండి. సాయంత్రం చీపురు పట్టకుండా నీళ్లతో కడగాలి. సాయం చేసే కూలీలకూ అదే మాస్కు ఇవ్వాలి. తాండూరు రాయి పొరలు పొరలుగా విడుతుంది, చెక్కుడు బొమ్మలకు పలక మీద లోతు తక్కువ పనికే బాగుంటుంది.

ఊరు

కింది ఊళ్లో పనికి వచ్చేవాళ్లకు రోజు కూలి సరే. కుమ్మరి దగ్గర చెరువుమట్టి కలిపే పాళ్లు నేర్చుకుంటే అది కూలి పని కాదు, గురుత్వం. దానికి వేరే డబ్బు, కేటలాగులో పేరు. ప్రెస్సు తిప్పడం నేర్చిన ఊరి పిల్లలుంటే ఒక్కో పలకకు ఎన్ని ప్రతులు తీశారో రాసే ఎడిషన్ రిజిస్టరులో ప్రింటరుగా వాళ్ల పేరే పడాలి. ఆదిలాబాద్ వోజులు మైనపు తీగలు చుట్టి పోత పోసే డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పద్ధతి నేర్చుకోవాలనుంటే వాళ్లను పిలిచి, రానుపోను ఖర్చులు, బోధన రుసుము ఇచ్చి నేర్చుకోండి. మీరు పోసిన బొమ్మను ఆ పేరుతో మాత్రం అమ్మకండి.

గ్రైండరు వేళలు ఊరితో మాట్లాడి పెట్టుకోవాలి. పద్మనాభస్వామి గుడికి జనం వచ్చే పండుగ రోజుల్లో లారీలు తిప్పొద్దు.

కిందికి దింపడం

ప్రదర్శనకు పని పంపేటప్పుడు కాన్వాసు ముఖానికి బబుల్ షీటు నేరుగా తగిలించకండి, వేడికి బుడగల గుర్తులు రంగు మీద పడతాయి. ముందు నునుపైన గ్లాసీన్ కాగితం, దాని మీద మెత్తటి ఫోము, ఆపైన బబుల్ షీటు బుడగలు బయటికి ఉండేలా. పెట్టెకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, మేకులకు బదులు స్క్రూలు, లోపల మూలలకే ఆధారం, బొమ్మ మధ్యన ఏదీ తాకకూడదు. పొడిగది నుంచి తీసిన పనిని ముసురులో నేరుగా పెట్టెలో పెట్టొద్దు. పెట్టెనూ ఫోమునూ ఒక రోజు ముందే అదే గదిలో ఉంచి, అక్కడే మూసి, ఒక సిలికా జెల్ సంచి వేసి, స్క్రూలు బిగించాకే బయటికి తేవాలి. నగరంలో దించాక కూడా ఒక రోజు మూసే ఉంచండి. పైమూత లోపలి వైపు, విప్పేవాళ్లకు ఎదురుగా, విప్పే వరుస తెలుగులో రాసి అంటించండి: ముందు ఏ స్క్రూలు, ఏ ఫోము ఎక్కడిది, తిరిగి సర్దేటప్పుడు ఏది ఎటు.